అడవిపాలైన వాహనములు

పల్లెటూళ్ల పొలిమేరలలో, వేపచెట్టు క్రిందనో, పాడుపడిన కల్లము ప్రక్కనో, విరిగిన యెడ్లబండి యొకటి తఱచుగా కనబడుచుండును. దాని నొగలు నేలకు వ్రాలి యుండును. ఇరుసు పుచ్చిపోయి యుండును. చక్రముల ఆకులు ఒక్కొక్కటిగా ఊడిపోవుచుండును. కొన్ని వర్షకాలములు గడచునప్పటికి చెదపురుగులు కొయ్యను తినివేయును. ఇనుపపట్టా మాత్రము మిగులును. దానిని గూడ కమ్మరి కొనిపోయి కఱ్ఱుగనో కొడవలిగనో మార్చును. ఎడ్లబండి యిట్లు తాను పుట్టిన మంటిలోనే కలసిపోవును. దాని వలన తరువాతివారికి ఏ చిక్కును కలుగదు.

మోటారుబండి సంగతి యట్టిది కాదు. దానిలో ఉక్కు, రాగి, సీసము, అల్యూమినియము, గాజు, రబ్బరు, పలువిధములైన నూనెలు కలసి యుండును. అది మూలపడినచో దానిని చెద తినజాలదు, వర్షము కరగింపజాలదు. పోలీసు స్టేషనుల ఆవరణములందు ఏండ్ల తరబడి నిలిచిపోయిన బండ్లను చూచినవారికి ఈ సంగతి తెలియును. పిచ్చితీగలు వానిపై ప్రాకును; టైర్లు గాలి పోయి నేల కంటుకొనును; రంగు వెలసిపోవును. అయినను బండి ఆకారము మాత్రము చెడక నిలిచియే యుండును.

అటువంటి బండి యొకటి జనసంచారము లేని అడవి నడుమ ఎదురైనచో చూచువాని ఆశ్చర్యమునకు మేర యుండదు. ఐరోపా, ఉత్తర అమెరికా ఖండములందలి అడవులలో ఇట్టి వాహనములు పెక్కుచోట్ల బయల్పడినవి. వానిని చూచినంతనే మనస్సున మూడు ప్రశ్నలు పుట్టును. ఇది యిచ్చటి కెట్లు వచ్చెను? దీనిని తెచ్చిన వారెవరు? ఎందుకు విడిచిపోయిరి? ఈ మూడును కుతూహలమునకు సంబంధించినవి. వీని వెనుక నాలుగవ ప్రశ్న యొకటి కలదు: ఇప్పుడు దీనిని ఏమి చేయవలెను? ఇది బాధ్యతకు సంబంధించినది. మొదటి మూడు ప్రశ్నలను అందఱు నడుగుదురు. నాలుగవ దాని నడుగువారు కొలది మందియే. కాని మనుష్యుల ప్రాణములు సైతము ఆ నాలుగవ ప్రశ్నపై ఆధారపడిన సందర్భము ఒకటి నిజముగా జరిగినది. దానిని తెలిసికొనుటకు ముందు, వాహనములు అడవులలోనికి ఎట్లు చేరునో, అచ్చట వాని గతి యేమగునో తెలిసికొనుట మంచిది.

వాహనము అడవిపాలగుటకు కారణములు ముఖ్యముగా రెండు. మొదటిది: బండిని విడిచిననాడు అది అడవియే కాకపోవచ్చును. ఊరి వెలుపలి బయలులో పాతబండ్లను కొని విడిభాగములమ్ము వర్తకుడు వానిని వరుసగా నిలిపియుంచును. అతడు ముసలివాడగును, లేదా చనిపోవును. వ్యాపారము మూతపడును. చుట్టునున్న చెట్ల విత్తనములు గాలికి వచ్చి బండ్ల నడుమ మొలకెత్తును. నలువది, యేబది సంవత్సరములలో ఆ బయలు వనమగును. అప్పుడు బండి అడవిలోనికి వచ్చినది కాదు. అడవియే బండి యొద్దకు వచ్చినది.

రెండవది: రోడ్డు వేయుటకో, గనులు త్రవ్వుటకో, కలప కొట్టుటకో వాహనములను మారుమూలలకు కొనిపోవుదురు. పని ముగియును, లేదా నడుమ నిలిచిపోవును. అంతలో బండి ఇరుసు విరుగును, లేదా యంత్రము చెడును. దానిని తిరిగి ఊరికి ఈడ్చుకొని వచ్చుటకు అగు ఖర్చు బండి వెలకంటె ఎక్కువగును. అప్పుడు దానిని అచ్చటనే విడిచి వెళ్లుదురు. లెక్కల పుస్తకములో ఆ బండి పద్దు అంతటితో ముగియును. అడవిలో మాత్రము దాని కథ అప్పుడే మొదలగును.

అడవిలో మొదట బండిపై పనిచేయునది తేమ. ఇనుమునకు పొడిగాలి తగిలినంత మాత్రమున తుప్పు పట్టదు. గాలి కలియని నీటిలో నుంచినను పట్టదు. గాలిలోని ఆమ్లజనియు నీరును రెండును కూడినప్పుడే తుప్పు ఏర్పడును. ఇనుము తుప్పుగా మాఱునప్పుడు దాని పరిమాణము పెరుగును. అందువలన తుప్పు పొరలు పొరలుగా లేచి రాలిపోవును. రాలినచోట క్రొత్త యినుము బయల్పడి మఱల తుప్పు పట్టును. ఇట్లు గట్టి రేకు సైతము క్రమముగా జల్లెడవలె చిల్లులు పడును. అల్యూమినియము విషయమున ఇట్లు జరుగదు. గాలి తగులగనే దానిపై నేర్పడు పలుచని పొర గట్టిగా అంటుకొని, లోపలి లోహమునకు కవచమువలె నుండును. గాజు పగులునే గాని చివుకదు. రబ్బరు బీటలు వాఱును గాని మంటిలో కలియుటకు మిక్కిలి దీర్ఘకాలము పట్టును. కావున పాతబండి యొక్క భాగములు అన్నియు ఒక్క తీరున నశింపవు. తలుపు రేకు చేతితో తాకినంతనే పొడియగుచుండగా, దీపముల గాజుబిళ్లలు నిన్న బిగించినట్లు మెఱయుచుండుట కలదు.

తేమ వెనుక చెట్టుచేమలు వచ్చును. రాలిన ఆకులు బండి కప్పుపై చేరి కుళ్లి మన్నగును. ఆ మంటిపై నాచు పుట్టును. పక్షులు తెచ్చిన విత్తనము మొలకెత్తును. మూత లేని యంత్రపు గదినుండియో, నేలరేకులోని చిల్లినుండియో చెట్టు పైకి లేచును. ఎలుకలు ఆసనముల దూదిలో గూళ్లు కట్టుకొనును. సాలెపురుగులు అద్దములకు తెరలు వ్రేలాడగట్టును.

ఈ చెట్లు అడవిలోని బండ్లకు సాక్షులు. శీతదేశములలో చెట్టు ఏటేట ఒక్కొక్క వలయముగా లావెక్కును. నేల కూలిన చెట్టు మొదలును కోసి వలయములను లెక్కించినచో దాని వయస్సు తెలియును. బండి యంత్రపు గదిలో మొలచి పెరిగిన చెట్టునకు 30 వలయములు ఉన్నయెడల, ఆ బండి కనీసము 30 సంవత్సరములనుండి అచ్చట కదలక యున్నదని నిశ్చయముగా చెప్పవచ్చును. బండి తయారైన సంవత్సరమును దాని నమూనాను బట్టియు, చట్రముపై చెక్కిన సంఖ్యను బట్టియు తెలిసికొనవచ్చును. ఈ రెండు ఆధారములును కలసినప్పుడు ఊహాగానములకు చోటుండదు.

ఊహ ఎంతటి పొరపాటునకు దారి తీయునో తెలుపుటకు బెల్జియము దేశపు దక్షిణభాగమున షాటియాన్ అను గ్రామము దగ్గఱి అడవి మంచి నిదర్శనము. అచ్చటి చెట్ల నడుమ కార్లు బారులు తీరి, ఒకదాని వెనుక నొకటిగా నిలిచి యుండెను. నాచు పట్టిన ఆ వరుసల ఛాయాచిత్రములు లోకమంతట వ్యాపించినవి. వానితోడనే ఒక కథయు వ్యాపించినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప అమెరికా సైనికులు స్వదేశమునకు పోవుచు, తమ కార్లను ఓడలలో కొనిపోలేక, తిరిగి వచ్చి తీసికొనవచ్చునను తలంపుతో ఈ యడవిలో దాచిపోయిరట! కథ వినుటకు ఇంపుగనే యున్నది. కాని యుద్ధము 1945లో ముగిసినది. ఆ కార్లలో పెక్కింటి నమూనాలు 1950, 1960 దశాబ్దములలో తయారైనవి. యుద్ధము ముగిసిననాటికి పుట్టని కారును ఆ యుద్ధమునుండి మఱలిన సైనికుడు ఎట్లు దాచిపెట్టగలడు? ఈ చిన్న ప్రశ్నతో ఆ పెద్ద కథ కూలిపోయినది. కథను నమ్మినవారు వేలకొలదిగా నున్నారు. కార్ల నమూనాలను పరిశీలించిన వారు కొందఱే. పర్యావరణమునకు హాని కలుగునను కారణమున 2010 ప్రాంతమున ఆ కార్లను అచ్చటినుండి తొలగించివేసిరి.

ఆ హాని యెట్టిదో కూడ తెలిసికొనవలెను. పాతబండి యంత్రములో మిగిలిన నూనె మెల్లమెల్లగా కారి మంటిలో ఇంకును. బ్యాటరీలో సీసమును, గంధకామ్లమును ఉండును. సీసము ప్రాణులకు విషము. యంత్రమును చల్లార్చుటకు నీటిలో కలుపు ద్రవములలో కొన్ని తియ్యగా నుండి జంతువులను ఆకర్షించును; త్రాగిన జంతువు చనిపోవును. పాతబండ్ల బ్రేకులలో ఊపిరితిత్తులకు కీడు చేయు రాతినార వాడబడెడిది. పైకి పచ్చని నాచుతో అందముగా కనబడు బండి అడుగున నేల ఇట్లు చెడిపోవుచుండవచ్చును.

అయినను అన్నిచోట్లను ఒకే తీర్పు పొసగదు. స్వీడను దేశపు దక్షిణభాగమున రీడ్ అను ఊరి దగ్గఱ ఒక బురదనేల యున్నది. అచ్చట ఓకె డానియెల్సన్ అను నతడు కొంత నేలను కొని, పీటు అను ఎండిన నాచుమట్టిని త్రవ్వి అమ్ముచు జీవించెను. తరువాత అతడు పాతకార్లను కొని, విడిభాగములు తీసి అమ్ముట మొదలిడెను. అడవిలోని చిన్న గుడిసెయే అతని నివాసము. వార్ధక్యమున అతడు వృద్ధుల శరణాలయమునకు చేరిన తరువాత కార్లు మాత్రము అచ్చటనే మిగిలినవి. అవి నూటికి పైగా నుండును. వానిని తొలగింపవలెనా, ఉంచవలెనా యను వాదము బయలుదేరెను. తుదకు స్థానిక పురపాలకసంఘమువారు ఆ కార్లు 2050 వరకు అచ్చటనే యుండవచ్చునని నిశ్చయించిరి. ఒక సామాన్యుని జీవితశ్రమకు ఆ కార్లు గుర్తు. జనులు వచ్చి, కాలము ఉక్కును సైతము ఎట్లు జయించునో కన్నులార చూచి పోవుచున్నారు. ఆ చోటు ఊరికి దగ్గఱ. అచ్చటికి పోవుటలో ప్రాణభయము లేదు. కావుననే ఆ నిర్ణయము సాధ్యమైనది.

ప్రాణభయము కల చోట ఇట్టి బండి యున్నచో ఏమి జరుగునో అలాస్కా అడవిలోని బస్సు కథ తెలుపును.

అలాస్కా అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఉత్తరపుటంచున నున్నది. అచ్చటి ఫెయిర్‌బ్యాంక్స్ నగరమున 1946లో తయారైన బస్సు యొకటి జనులను చేరవేయుచుండెను. దాని సంఖ్య 142. ఆ బస్సు పాతబడి మూలపడినది. హీలీ అను చిన్న ఊరికి పడమటగా స్టాంపీడ్ అను పేరుగల బాట యొకటి కలదు. ఆ బాట చివర ఆంటిమొనీ లోహపు గని యుండెను. గనినుండి ఖనిజమును లారీలలో తెచ్చుటకు వీలుగా ఆ బాటను రోడ్డుగా మార్చు పనిని 1961లో ఒక నిర్మాణ సంస్థ చేపట్టెను. పనివారు నివసించుటకు ఆ సంస్థ పాతబస్సులను కొని, వానిలో మంచములును, చలి కాచుకొనుటకు పొయ్యిలును అమర్చి, ట్రాక్టరుతో అడవిలోనికి లాగించెను. అందొకటి ఈ 142వ బస్సు.

రోడ్డు పని 1963లో నిలిచిపోయెను. నదులపై వంతెనలు కట్టలేదు. అచ్చటి నేల అడుగున ఏడాది పొడవునను మంచు గడ్డకట్టియుండును. పైమన్ను కదపగనే ఆ మంచు కరగి నేల క్రుంగును. దానికి తోడు వరదలు వచ్చెను. ఇట్లు రోడ్డు పాడయ్యెను. తక్కిన బస్సులను వెనుకకు లాగికొనిపోయిరి. 142వ బస్సు మాత్రము హీలీకి 40 కిలోమీటర్లకు పైగా దూరమున అడవిలోనే మిగిలెను. వేటగాండ్రు మంచుతుఫానులలో దానిలో తలదాచుకొనుచుండిరి. అడవిలోని సత్రమువలె అది ముప్పది యేండ్లు మౌనముగా నిలిచియుండెను. అంతవఱకు దాని వలన ఎవ్వరికిని కీడు కలుగలేదు.

1992 ఏప్రిలు నెలాఖరున క్రిస్టఫర్ మెక్కాండ్లెస్ అను 24 ఏండ్ల యువకుడు ఒంటరిగా ఆ బాటపై నడచెను. అతడు చదువులో దిట్ట. 1990లో కళాశాల చదువు ముగించి, తనయొద్ద నున్న ధనమును ధర్మకార్యములకు ఇచ్చివేసి, ఇల్లు విడిచి దేశాటనము చేయుచుండెను. ధనమునకును ఆడంబరమునకును దూరముగా ప్రకృతి నడుమ జీవింపవలెనని అతని కోరిక. ఆ కోరిక తప్పు కాదు. కాని దానికి తగిన సన్నాహము మాత్రము లేకపోయెను. చిన్న బియ్యపు మూట, ఒక చిన్న తుపాకి, కొన్ని పుస్తకములు మాత్రమే అతని సామగ్రి. ఆ ప్రదేశమును వివరముగా చూపు పటము అతనియొద్ద లేదు. టెక్లనికా యను నదిని దాటి అతడు బస్సును చేరెను. అప్పటికి చలికాలము పూర్తిగా పోలేదు. నదిలో నీరు తక్కువగా నుండెను. దాటుట కష్టము కాలేదు.

బస్సే అతనికి ఇల్లయ్యెను. పక్షులను, చిన్న జంతువులను వేటాడుచు, కాయలును దుంపలును ఏరుకొనుచు రెండు నెలలు గడపెను. జూన్ నెలలో మూస్ అను పెద్ద దుప్పిని ఒకదానిని కొట్టెను. కాని అంత మాంసమును చెడకుండ నిలువచేయు పద్ధతి అతనికి సరిగా తెలియదు. మాంసము పురుగులు పట్టి పోయెను. ఒక ప్రాణిని వ్యర్థముగా చంపితినని అతడు మిక్కిలి విచారించెను. జూలై మొదటి వారమున తిరిగి జనులలోనికి పోదలచి బయలుదేరెను. టెక్లనికా ఒడ్డునకు వచ్చి చూచునప్పటికి ఏప్రిలులో సులభముగా దాటిన ఏరు మహానదియై యుండెను. వేసవి యెండలకు పర్వతములపై మంచు కరగి నీరు పొంగి పరుగులెత్తుచుండెను. అతడు వెనుదిరిగి బస్సును చేరెను.

ఇచ్చట శోచనీయమైన సంగతి యొకటి కలదు. అతడు నిలిచిన చోటికి ఒక కిలోమీటరైనను లేని దూరమున నదికి అడ్డముగా ఉక్కు తాడును, దానికి వ్రేలాడు తొట్టియు ఉండెను. నదీప్రవాహమును కొలుచువారు వాడుకొను సాధనమది. దానిలో కూర్చుండి చేతులతో లాగికొనుచు ఆవలి యొడ్డు చేరవచ్చును. పటము చేతనున్నచో ఆ సంగతి తెలిసియుండెడిది. అతని యొద్ద అట్టి పటము లేదు. సహాయము కోరుచు ఒక చీటి వ్రాసి అతడు బస్సు తలుపునకు అంటించెను. దానిని చదువు వారెవ్వరును ఆ దినములలో అటు రాలేదు. ఆగస్టు నెలలో అతడు బస్సులోనే ప్రాణము విడిచెను. సెప్టెంబరు 6న వేటకు వచ్చినవారు అతని దేహమును కనుగొనిరి. ఆకలివలన మరణించెనని వైద్యులు నిర్ణయించిరి. తిన్న గింజలలోని విషము అతనిని దుర్బలుని చేసియుండవచ్చునను వాదము తరువాత బయలుదేరినది.

మరుసటి వేసవిలో అతని తలిదండ్రులు హెలికాప్టరులో ఆ బస్సు నొద్దకు వెళ్లిరి. కుమారుని పేరిట ఒక ఫలకమును బస్సులో నుంచిరి. ఆపదలో నున్నవారికి ఉపకరించునని మందులును, తినుబండారములును ఒక పెట్టెలో పెట్టి అచ్చట విడిచిరి. దానితో ఒక చీటియు నుంచిరి. అచ్చటికి వచ్చినవారు వీలైనంత త్వరగా తమ తలిదండ్రులకు ఫోను చేయవలెనని దానిలో కోరిరి. కుమారుని పోగొట్టుకొన్న తలిదండ్రులు అన్యుల బిడ్డలకు చేసిన విన్నపమది.

జాన్ క్రాకౌర్ అను రచయిత ఈ వృత్తాంతమును పరిశోధించి 1996లో "ఇంటు ది వైల్డ్" అను గ్రంథమును ప్రకటించెను. 2007లో అదే పేరుతో చలనచిత్రమును వచ్చెను. లోకమందలి యువకులు పెక్కురు వానిచే కదలింపబడిరి. ఏకాంతముగా నిలిచియున్న బస్సు వారికి యాత్రాస్థలమయ్యెను. ఎంతెంత దూరదేశములనుండియో బయలుదేరి వచ్చి, అడవిలో నడచి, నదిని దాటి, బస్సు ముందు నిలువబడి ఛాయాచిత్రము తీయించుకొని పోవుటకు ఉబలాటపడిరి. ఆ యువకుని జీవితమునుండి వారు ధైర్యమును గ్రహించిరి గాని, అతని మరణమునుండి నేర్వవలసిన పాఠమును కొందఱు నేర్వలేదు.

నది మాత్రము మునుపటి నదియే. 2010లో స్విట్జర్లాండు దేశపు యువతి యొకతె టెక్లనికాలో మునిగి మరణించెను. 2019లో బెలారస్ దేశమునుండి క్రొత్తగా వివాహమైన దంపతులు వచ్చిరి. నదిని దాటునప్పుడు భార్యను ప్రవాహము కబళించెను. 2009 నుండి 2017 వఱకు బస్సు కొఱకు పోయి చిక్కుకొన్నవారిని వెదకి రక్షించుటకు ప్రభుత్వమువారు 15 పర్యాయములు పూనుకొనవలసి వచ్చెను. 2020 ఫిబ్రవరిలో ఇటలీ దేశస్థులు అయిదుగురిని రక్షించిరి; వారిలో నొకనికి మంచుచే అవయవములు దెబ్బతినెను. రక్షింపబోయిన వారి ప్రాణములును ప్రతిసారి ప్రమాదములో నుండెడివి.

అప్పుడు నాలుగవ ప్రశ్న తప్పించుకొన వీలులేనిదై ఎదురు నిలిచెను. బస్సును ఏమి చేయవలెను? నదిపై కాలిదారి వంతెన కట్టవలెనని కొందఱనిరి. వంతెన కట్టినచో అనుభవము లేనివారు మఱింత మంది అడవిలోనికి పోవుదురని కొందఱు వాదించిరి. ముక్కలు చేసి పారవేయుట సులభము. కాని ఎందఱికో అది స్మృతిచిహ్నము. ఒక కుటుంబమునకు కుమారుడు తుదిశ్వాస విడిచిన చోటు. ఉంచుట ప్రాణములకు ముప్పు. చెఱచుట స్మృతికి ద్రోహము. ఈ రెండింటి నడుమ దారి వెదకవలసి వచ్చెను.

2020 జూన్ 18న ఆ దారి కనబడెను. అలాస్కా సైనికదళమువారు రెండు పెద్ద రెక్కల చక్రములు గల చినూక్ అను హెలికాప్టరులో వచ్చిరి. బస్సు కప్పునకును నేలకును రంధ్రములు చేసి, బలమైన గొలుసులతో బిగించిరి. మెక్కాండ్లెస్ కుటుంబమువారికి ప్రియమైన పెట్టె యొకటి లోపల నుండగా దానిని భద్రముగా వేఱుచేసిరి. సుమారు అరువది సంవత్సరములు కదలని బస్సు నేలను విడిచి గాలిలోనికి లేచెను. చక్రములతో వచ్చిన బాట పాడైపోగా, అది ఆకాశమార్గమున మఱలెను. రోడ్డు చేరిన పిదప దానిని లారీపై నెక్కించి కొనిపోయిరి. ఈ సంగతి ముందుగా ప్రకటింపలేదు. ప్రకటించినచో కడసారి చూచుటకు జనులు పరుగెత్తుదురని అధికారులు తలచియుందురు.

ఫెయిర్‌బ్యాంక్స్‌లోని అలాస్కా విశ్వవిద్యాలయపు మ్యూజియము ఆ బస్సును స్వీకరించెను. 2021లో దానిని విశ్వవిద్యాలయమందలి యింజనీరింగు భవనపు ఎత్తైన శాలలోనికి చేర్చి, తుప్పును అరికట్టు పనికి పూనుకొనిరి. దానిని క్రొత్త బస్సుగా మార్చుట వారి ఉద్దేశము కాదు. ఉన్నదానిని ఉన్నట్లు నిలుపుట వారి పని. ఒకనాడు జనులను చేరవేసిన నగరమునకే ఆ బస్సు తిరిగి వచ్చినది. ఇప్పుడు దాని కథ ఒక్క యువకుని కథ మాత్రమే కాదు. నగరపు ప్రయాణికులు, రోడ్డు పనివారు, చలికి తలదాచుకొన్న వేటగాండ్రు, దూరదేశముల యాత్రికులు, అందఱును దానిలో భాగస్వాములు. దానిని తెలిసికొనుటకు ఇక నెవ్వరును నదిలో దిగనక్కఱలేదు.

ఈ మూడు చోట్లను పోల్చి చూడవలెను. బెల్జియము అడవిలో బండ్లను తొలగించిరి. స్వీడనులో ఉండనిచ్చిరి. అలాస్కాలో తరలించి కాపాడిరి. మూడు నిర్ణయములు మూడు విధములుగా నున్నవి. కాని మూటి యందును ఎవరో యొకరు నిలిచి ఆలోచించిరి. నేల చెడునా, జనులకు ముప్పు కలుగునా, దీనిలో కాపాడదగిన చరిత్ర యేమైన నున్నదా యని విచారించిరి. ఆ విచారణ 1963లోనే జరిగి, మూడవ బస్సును గూడ వెనుకకు తెచ్చినచో ఎట్లుండెడిదో! ఆనాడు ట్రాక్టరుతో చేయక విడిచిన పని, యేబది యేడు సంవత్సరముల తరువాత సైనిక హెలికాప్టరుతో చేయవలసి వచ్చెను. అయితే ఆ బస్సును విడిచినవారిని దూషించుటయు తగదు. అది వేటగాండ్రకు నీడ యగునను తలంపు మంచిదే. తాము విడిచిన వస్తువు ముందుకాలమున ఏ రూపము దాల్చునో వారు ఊహింపలేకపోయిరి.

అడవిలో పాతవాహనము ఎవరికైనను ఎదురైనచో పాటింపదగిన నియమములు కొన్ని కలవు. తుప్పు పట్టిన రేకు కత్తివంటిది; దాని గాయము ధనుర్వాతమునకు దారి తీయవచ్చును. ఆసనముల క్రింద పాములు, కప్పు అడుగున కందిరీగలు ఉండవచ్చును. కావున లోనికి దూరరాదు. ఏ భాగమును ఊడదీయరాదు. బండి యున్న చోటును, దాని నమూనాను, సంఖ్యను, చుట్టునున్న చెట్లను గుర్తించుకొని అటవీశాఖవారికో పోలీసువారికో తెలుపవలెను. అది దొంగిలింపబడిన బండియైనను కావచ్చును. చరిత్రకు పనికివచ్చు వస్తువైనను కావచ్చును. ఊడదీసినవానికి ఇనుపముక్క మాత్రము దక్కును. నిదానించి పరిశీలించినవానికి దాని చరిత్ర దక్కును.

మన దేశమున పాతవాహనములను పద్ధతి ప్రకారము విడదీసి, లోహములను మఱల వాడుకొనుటకై 2021లో కేంద్రప్రభుత్వము ఒక విధానమును ప్రకటించినది. నూనెను, బ్యాటరీని ముందుగా వేఱుచేసి, ఉక్కును కరగించి క్రొత్త వస్తువులు చేయుట దాని ఉద్దేశము. ఊరి కమ్మరి విరిగిన బండి పట్టాను కఱ్ఱుగా మార్చిన పనియే ఇది, పెద్దయెత్తున జరుగుచున్నది. ఆ కమ్మరి బడికి పోయి పర్యావరణ శాస్త్రమును చదివినవాడు కాడు. వాడి విడిచిన వస్తువునకు కూడ ఒక గతి కల్పింపవలెనని మాత్రము అతనికి తెలియును. బండి నడచుట మానిన దినముననే దాని యజమాని బాధ్యత తీరిపోదు. అతడు దానిని విడిచి పోయినచో ఆ బాధ్యతను అతని యెఱుగని వారెవరో, అతడు చూడని కాలమున, మోయవలసి వచ్చును.